ఖాళీ అంటే నిజంగా ఖాళీయేనా?
(సమయం, వీలు, ఆఫీసు క్యాలెండర్: చదువుదాం, మాట్లాడదాం, సరిచేద్దాం)

ఈ పాఠం ఎవరికి?
తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగే 9, 10 తరగతుల పిల్లలకి, ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరిన పెద్ద పిల్లలకి. అమ్మానాన్నలు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

ఈ పాఠంలో నేర్చుకునేవి
1. ఖాళీ, తీరిక, వీలు అనే మూడు మాటలకి తేడా.
2. "నాకు కుదరదు", "వీలైతే వస్తాను" లాంటి వాక్యాలు.
3. విండోస్, మ్యాక్, ఫోన్ కలిసి వాడే ఆఫీసులో మన క్యాలెండర్ తప్పు చూపిస్తే ఎక్కడ వెతకాలి.
4. సిడ్నీ టైము, హైదరాబాద్ టైము లెక్క.

1. ముందు మా ఇంట్లో జరిగింది చదవండి

మేము క్వేకర్స్ హిల్ వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఇండియాలో నేను బీఎడ్ చేసి బళ్ళో పాఠాలు చెప్పాను. ఇక్కడ ప్రస్తుతానికి మా ఇంటి డైనింగ్ టేబులే నా బడి.

పోయిన అక్టోబరులో మా పాప స్కూల్లో ఒక గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి కార్యక్రమం ఉంది. పాప అందులో రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజే మా వారు తన ఫోన్ క్యాలెండర్‌లో రాసుకున్నారు. నా ముందే రాశారు, నేను చూశాను.

బుధవారం రాత్రి చూస్తే సరిగ్గా అదే రెండు గంటలకి ఆఫీసులో క్లయింటుతో మీటింగ్ వచ్చి కూర్చుంది. అందరూ ఒప్పేసుకున్నారు. క్లయింటు వాళ్ళు వేరే ఊరు నుంచి వస్తున్నారు. ఆ రాత్రి మార్చమని అడగడానికి ఈయనకి మొహం చెల్లలేదు.

మీటింగ్ పెట్టిన ఆవిడ తప్పు ఏమీ లేదు. "మీ క్యాలెండర్ ఖాళీగా ఉంది కదా అని పెట్టాను" అన్నారట. నిజమే, ఆవిడ కంప్యూటర్‌లో ఆ గంట తెల్లగానే ఉంది. ఈయన ఫోన్‌లో మాత్రం నిండుగా ఉంది. గంట ఒక్కటే. ఒకరికి నిండుగా, ఇంకొకరికి ఖాళీగా కనిపించింది.

గురువారం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. పాప చక్కగా మాట్లాడింది. మాట్లాడుతూ మధ్యలో నా పక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసింది.

ఆ ఆదివారం ముగ్గురం లాప్‌టాప్, ఫోన్ ముందేసుకుని కూర్చున్నాం. అప్పుడు జరిగిన మాటలే ఇప్పుడు మీరు చదవబోయే సంభాషణ. ఇద్దరు గట్టిగా చదవండి. ఒకరు నాన్న, ఒకరు పాప. అమ్మ మాట మూడోవాళ్ళు చదవండి, లేదా నాన్నగా చదివేవాళ్ళే చదవండి.

పాప: నాన్నా, నువ్వు రాసుకున్నావు కదా! మరి వాళ్ళకి ఎందుకు కనపడలేదు?
నాన్న: అదే అర్థం కావట్లేదు తల్లీ. ఇదిగో చూడు, నా ఫోన్‌లో రెండూ ఉన్నాయి. ఆఫీసు పనీ ఉంది, నీ స్కూలూ ఉంది.
పాప: ఇదేమో నీలం రంగు, అదేమో ఆకుపచ్చ. రంగులు ఎందుకు వేరు?
నాన్న: నీలం ఆఫీసుది. ఆకుపచ్చ మన ఇంటిది.
అమ్మ: అంటే మీరు పాప కార్యక్రమాన్ని మన ఇంటి గోడ మీద రాశారు. ఆఫీసువాళ్ళు మన ఇంటి గోడ ఎలా చూస్తారండీ?
నాన్న: (కాసేపు ఆగి) అవును కదూ!

ఆలోచించండి, చెప్పండి: అమ్మ చెప్పిన "గోడ" అంటే ఏమిటి? జవాబు వెంటనే తెలియకపోయినా ఫర్వాలేదు. తర్వాతి భాగం చదివాక మళ్ళీ ఈ ప్రశ్నకి రండి.

2. అసలు లోపల ఏం జరుగుతుంది?

మన తెలుగిళ్ళలో వంటింటి గోడకి ఒక క్యాలెండర్ వేలాడుతుంది. పాలు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు, పెళ్ళి తేదీలు అన్నీ దాని మీదే. పక్కింటివాళ్ళకి వాళ్ళ గోడ, వాళ్ళ క్యాలెండర్ ఉంటాయి. మన గోడ మీద రాసింది వాళ్ళకి తెలీదు.

కంప్యూటర్ క్యాలెండర్లు కూడా అంతే. చాలా ఆఫీసులు మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మీద నడుస్తాయి. దాన్ని ఔట్‌లుక్‌లో చూస్తారు. కొన్ని ఆఫీసులు గూగుల్ క్యాలెండర్ వాడతాయి. ఆపిల్ ఫోన్, మ్యాక్ ఉన్నవాళ్ళ సొంత క్యాలెండర్ తరచుగా ఐక్లౌడ్‌లో ఉంటుంది. ఇవి మూడు వేరు వేరు గోడలు.

మరి ఫోన్‌లో అన్నీ ఒకేచోట కనిపిస్తాయి కదా? ఫోన్ కిటికీ లాంటిది. ఆ కిటికీలోంచి మీకు మూడు గోడలూ కనిపిస్తాయి. కానీ ఒక గోడ మీద రాసినది ఇంకో గోడ మీదకి దానంతట అది వెళ్ళదు. మీ కొలీగ్ మీకు మీటింగ్ పెట్టేటప్పుడు చూసేది ఆఫీసు గోడ ఒక్కటే.

ఈ గోడలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. దాని పేరు ఐక్యాలెండర్. 1998లో వచ్చింది, 2009లో సవరించారు. "ఐసీఎస్" తోక ఉన్న ఫైళ్ళు ఈ పద్ధతిలో రాసినవే. ఒక పని వల్ల ఆ సమయం నిండినట్టా, కానట్టా అని చెప్పడానికి అందులో ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది. అంటే క్యాలెండర్‌లో ఒక పని కనిపిస్తూ కూడా సమయం మాత్రం "ఖాళీ" అని ఉండొచ్చు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

భాష ఉమ్మడిదే అయినా ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కోలా పలుకుతుంది. మన తెలుగు శ్రీకాకుళంలో ఒకలా, కరీంనగర్‌లో ఒకలా వినిపించినట్టు. అందుకే విండోస్‌లో ఒకరు, మ్యాక్‌లో ఒకరు ఉన్న ఆఫీసుల్లో ఇలాంటి తికమకలు ఎక్కువ.

3. మూడు మాటలు, మూడు అర్థాలు

ఇంగ్లీషులో అన్నిటికీ "ఫ్రీ" ఒక్కటే మాట సరిపోతుంది. తెలుగులో అలా కాదు.

ఖాళీ: లోపల ఏమీ లేదు అని. ఖాళీ గ్లాసు, ఖాళీ కుర్చీ, ఖాళీ గది. "రెండింటికి క్యాలెండర్ ఖాళీగా ఉంది."

తీరిక: పని తీరిపోయాక మిగిలే సమయం. "తీరు" అంటే అయిపోవడం, పూర్తి కావడం. "ఈ వారం అస్సలు తీరిక లేదమ్మా."

వీలు: చేయడానికి అనువుగా ఉండటం. ఖాళీ ఉన్నా వీలు ఉండకపోవచ్చు. "ఆ గంట ఖాళీనే, కానీ కారు లేదు, నాకు వీలు కాదు."

జాగ్రత్త! మనుషుల గురించి "ఖాళీగా ఉన్నాడు" అంటే ఒక్కోసారి "ఉద్యోగం లేదు" అని కూడా అర్థం వస్తుంది. "మీ అన్నయ్య ఏం చేస్తున్నాడు?" అని ఎవరైనా అడిగితే "ఖాళీగా ఉన్నాడు" అనేయకండి. ఆ రోజు సెలవైతే "ఇవాళ వాడికి సెలవు" అనండి.

ఈ మాట నాకు బాగా తెలుసు. "మీరు ఇంట్లో ఖాళీగానే ఉంటారు కదా" అని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళు మంచివాళ్ళే. నాకు ఆఫీసు క్యాలెండర్ లేదు కాబట్టి నా రోజు వాళ్ళకి తెల్లగా కనిపిస్తుంది. వంట, స్కూలు దింపడం, తేవడం, ఈ పాఠాలు రాయడం, ఇక్కడ టీచరు అవ్వడానికి కావలసిన కాగితాలు సర్దుకోవడం, ఇవేవీ ఎక్కడా రాసి లేవు. రాసి లేదు కాబట్టి లేదు అనుకుంటారు. మా వారి ఆఫీసులో జరిగిందీ ఇదే.

ఈ పాఠంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన వాక్యం ఇది: ఖాళీగా కనిపించడం వేరు, ఖాళీగా ఉండటం వేరు.

4. ఎక్కడ వెతకాలి? ఆరు ప్రశ్నలు

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. రేపటి రోజులో అరగంట పని ఒకటి "పరీక్ష" అనే పేరుతో మీ క్యాలెండర్‌లో పెట్టండి. పది నిమిషాలు ఆగి, ఒక కొలీగ్‌ని "నాతో మీటింగ్ పెడుతున్నట్టు చూడండి, ఆ అరగంట మీకు ఎలా కనిపిస్తోంది?" అని అడగండి. ఒకరు విండోస్ వాడేవాళ్ళు, ఒకరు మ్యాక్ వాడేవాళ్ళు ఐతే ఇంకా మంచిది. ఇద్దరికీ తప్పుగా కనిపిస్తే లోపం బహుశా మీ వైపు ఉంది. ఒక్కరికే తప్పైతే వాళ్ళ వైపు లేదా మధ్యలో ఉంది. తర్వాత ఈ ప్రశ్నలు వరసగా వేసుకోండి.

మొదటి ప్రశ్న: ఏ గోడ మీద రాశాను?
ఆ పనిని తెరిచి అది ఏ అకౌంట్‌లో ఉందో చూడండి. మా ఇంట్లో దొరికిన తప్పు ఇదే. ఐఫోన్‌లో కొత్త పని రాసినప్పుడు అది ఏ క్యాలెండర్‌లోకి వెళ్ళాలో చెప్పే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. దాని పేరు డిఫాల్ట్ క్యాలెండర్. మా వారిది ఇంటి క్యాలెండర్ మీద ఉంది. ఆఫీసు వేళల్లో పడే సొంత పనులకి ఆఫీసు క్యాలెండర్‌లో కూడా ఒక గడి నింపాలి. వివరాలు రాయక్కర్లేదు. "సొంత పని" అని రాసి, ప్రైవేట్ అని గుర్తు పెడితే చాలు. ఎదుటివాళ్ళకి తెలియవలసింది మీరు ఆ గంటలో దొరకరు అన్నంత వరకే. ఎందుకు అన్నది మీ ఇష్టం.

రెండో ప్రశ్న: బిజీ అని పెట్టానా, ఫ్రీ అని పెట్టానా?
ఔట్‌లుక్‌లో ప్రతి పనికీ "షో యాజ్" అనే చోటు ఉంటుంది. అందులో ఫ్రీ, టెంటేటివ్, బిజీ, ఔట్ ఆఫ్ ఆఫీస్ లాంటివి ఉంటాయి. "రోజంతా" అని పెట్టిన పనిని ఔట్‌లుక్ మామూలుగా ఫ్రీ అనే చూపిస్తుంది. పుట్టినరోజుకి అది సరే. కానీ మీరు సెలవు పెట్టి ఆ రోజంతా ఊళ్ళో లేకపోతే, ఆ ఫ్రీని మీరే మార్చాలి. సంక్రాంతికి సెలవు రాసుకుని కూడా మీటింగ్ పిలుపులు వచ్చేది ఇలాగే.

మూడో ప్రశ్న: ఎదుటివాళ్ళకి ఎంతవరకు చూపిస్తున్నాను?
షేర్ చేయడంలో మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు: బిజీనా, ఫ్రీనా అన్నంత వరకే. తర్వాతి మెట్టు: పని పేరు కూడా. ఆ పైన: అన్ని వివరాలు. ఇంకా పైన: మార్చే హక్కు. గూగుల్‌లోనూ, ఔట్‌లుక్‌లోనూ పేర్లు కొంచెం వేరు, వరస ఇంచుమించు ఇదే. మీటింగ్ పెట్టుకోవడానికి మొదటి మెట్టు చాలు.

నాలుగో ప్రశ్న: నేను చూస్తున్నది అద్దమా, ఫోటోనా?
ఐసీఎస్ ఫైలుని "ఇంపోర్ట్" చేస్తే అది ఫోటో లాంటిది. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. తర్వాత అసలు క్యాలెండర్‌లో మార్పు వచ్చినా మీ దగ్గర మారదు. లింకుతో "సబ్‌స్క్రైబ్" చేస్తే అది అద్దం. కానీ ఈ అద్దం కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది. ఒక్కోసారి కొన్ని గంటలు పడుతుంది. అందుకే పొద్దున మార్చిన పని మధ్యాహ్నానికి కూడా ఎదుటివాళ్ళకి పాతగానే కనిపించవచ్చు. అంత తొందర పని ఐతే క్యాలెండర్‌ని నమ్ముకోకుండా ఫోన్ చేసి చెప్పేయండి.

ఐదో ప్రశ్న: ఏ ఊరి గడియారం?
ఇది సిడ్నీవాళ్ళం తప్పకుండా చూసుకోవాలి. విండోస్ టైమ్ జోన్ జాబితాలో బ్రిస్బేన్ ఒక వరసలో, కాన్‌బెర్రా, మెల్‌బోర్న్, సిడ్నీ ఇంకో వరసలో ఉంటాయి. రెండిటి పక్కనా యూటీసీ ప్లస్ 10 అనే ఉంటుంది. తేడా ఏమిటంటే క్వీన్స్‌లాండ్‌లో గడియారం జరపరు, మన న్యూ సౌత్ వేల్స్‌లో జరుపుతారు. ఎవరైనా పొరపాటున బ్రిస్బేన్ ఎంచుకుంటే చలికాలమంతా ఏ తేడా తెలీదు. అక్టోబరు రాగానే వాళ్ళు రెండింటికి అని పెట్టిన మీటింగ్ మనకి మూడింటికి కనిపిస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది" అని ఎవరైనా అంటే ముందు ఇదే చూడండి.

ఆరో ప్రశ్న: తెలుపా, గీతలా?
ఔట్‌లుక్‌లో మీటింగ్ పెట్టేటప్పుడు ఒక్కొక్కరికి ఒక వరస కనిపిస్తుంది. రంగు నిండి ఉంటే ఏదో పని ఉంది. తెల్లగా ఉంటే ఖాళీ. రంగు లేకుండా ఏటవాలు గీతలు మాత్రమే ఉంటే "సమాచారం లేదు" అని అర్థం. అంటే ఆ మనిషి క్యాలెండర్‌ని కంప్యూటర్ చదవలేకపోయింది. ఒక ఆఫీసు ఎక్స్ఛేంజ్‌లో, ఇంకో ఆఫీసు గూగుల్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. గీతలని ఖాళీ అనుకోకండి. దీన్ని మనం సరిచేయలేం. రెండు వైపులా వంతెన వేసే ఏర్పాటు ఆఫీసు ఐటీ వాళ్ళ చేతిలో ఉంటుంది. వాళ్ళకి రాసేటప్పుడు ఇవి చెప్పండి: ఎవరు చూశారు, ఎవరిది చూశారు, ఏ కంప్యూటర్, ఏ రోజు ఏ గంట, ఏం కనిపించింది, ఏం కనిపించాలి. "క్యాలెండర్ పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్ళు మళ్ళీ ఇవే అడుగుతారు.

5. సిడ్నీ గడియారం, హైదరాబాద్ గడియారం

హైదరాబాద్ టైము ఏడాదంతా ఒకటే. మనది మాత్రం ఏడాదికి రెండుసార్లు మారుతుంది. అక్టోబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారం మూడుకి జరుపుతాం. ఏప్రిల్ మొదటి ఆదివారం మూడింటి నుంచి మళ్ళీ రెండుకి జరుపుతాం.

చలికాలంలో: మనం హైదరాబాద్ కంటే నాలుగున్నర గంటలు ముందు.
ఎండాకాలంలో: ఐదున్నర గంటలు ముందు.

హైదరాబాద్ ఆఫీసువాళ్ళు ప్రతి మంగళవారం వాళ్ళ పొద్దున పదింటికి మీటింగ్ పెట్టారనుకోండి. ఆ మీటింగ్ వాళ్ళ గడియారానికి కట్టి ఉంటుంది. మనకి ఆగస్టులో మధ్యాహ్నం రెండున్నరకి వస్తుంది, నవంబరులో మూడున్నరకి వస్తుంది. మీటింగ్ ఎవరూ మార్చలేదు, మన గడియారమే జరిగింది. మంగళవారం ఇంటి నుంచి పనిచేసే నాన్న ఆ మీటింగ్ అయ్యాక స్కూలుకి వెళ్దామనుకుంటే చలికాలంలో కుదురుతుంది, అక్టోబరు నుంచి కుదరదు. అందుకని సెప్టెంబరు చివర్లో ఒకసారి, మార్చి చివర్లో ఒకసారి రెండు ఊళ్ళ మీటింగులన్నీ సరిచూసుకోవడం మంచి అలవాటు.

మీకు తెలుసా?
మన పంచాంగంలో కూడా ఈ లెక్కే ఉంది. తిథి మారే క్షణం ప్రపంచమంతా ఒకటే. హైదరాబాద్ పంచాంగంలో ఉన్న ఆ సమయానికి నాలుగున్నరో ఐదున్నరో కలిపితే మన టైము వస్తుంది. కానీ రాహుకాలానికి అలా కలపకూడదు. అది ఆ ఊరి పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్కకట్టేది. ఆదివారం అది చివరి భాగం. ఆరింటికి సూర్యుడు ఉదయించి ఆరింటికి అస్తమిస్తే సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు. సిడ్నీలో డిసెంబరు చివర్లో సూర్యుడు ఎనిమిది దాటాక అస్తమిస్తాడు, పగలు పద్నాలుగు గంటలకి పైనే. కాబట్టి ఇక్కడ ఆ రోజుల్లో ఆదివారం రాహుకాలం ఆరుంపావు ప్రాంతంలో మొదలై సూర్యాస్తమయం దాకా ఉంటుంది. మీటింగ్ మొదటి రకం: ఒకే క్షణం, రెండు గడియారాలు. పుట్టినరోజు రెండో రకానికి దగ్గర: ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి తేదీ. అందుకే క్యాలెండర్‌లో పుట్టినరోజుని గంటతో కాకుండా "రోజంతా" అని రాస్తాం.

6. భాషా విశేషం: "నేను" కాదు, "నాకు"

ఖాళీ, తీరిక, వీలు, పని గురించి చెప్పేటప్పుడు తెలుగులో "నాకు" అంటాం.

నాకు వీలుంది. నాకు వీలు లేదు.
నాకు తీరిక దొరికింది. నాకు తీరిక లేదు.
నాకు పని ఉంది. నాకు పని లేదు.
నాకు కుదురుతుంది. నాకు కుదరదు.

తప్పు: నేను కుదరదు. ఒప్పు: నాకు కుదరదు.
ఎదుటివాళ్ళని అడిగేటప్పుడు: నీకు కుదురుతుందా? మీకు వీలవుతుందా?

షరతు చెప్పాలంటే చివర మాట మారుతుంది.
వీలైతే వస్తాను. కుదిరితే ఫోన్ చేస్తాను. తీరిక దొరికితే రాస్తాను.

మర్యాద: పెద్దవాళ్ళకి ముఖం మీద "కుదరదు" అంటే గట్టిగా వినిపిస్తుంది. "రేపు కొంచెం కష్టమండీ, ఎల్లుండి ఐతే వీలవుతుంది" అనండి. కాదన్నట్టూ ఉంటుంది, దారి చూపించినట్టూ ఉంటుంది.

రోజుల మాటలు: మొన్న, నిన్న, ఇవాళ, రేపు, ఎల్లుండి.
గంటల మాటలు: నాలుగుంపావు (4:15), నాలుగున్నర (4:30), ముప్పావు నాలుగు అని అనుకోకండి, పావు తక్కువ ఐదు (4:45).

7. అభ్యాసాలు

అ) ఖాళీ, తీరిక, వీలు: సరైన మాట రాయండి.
1. ఆ బల్ల దగ్గర కుర్చీ ______గా ఉంది, కూర్చోండి.
2. పరీక్షలు అయ్యేదాకా అక్కకి ______ లేదు.
3. క్యాలెండర్ ______గానే ఉంది, కానీ రైలు లేదు కాబట్టి నాకు రావడానికి ______ కాదు.

ఆ) వాక్యాన్ని సరిచేయండి.
1. నేను రేపు కుదరదు.
2. మీరు ఎల్లుండి వీలుందా?

ఇ) లెక్క చేసి, టైము తెలుగు మాటల్లో రాయండి.
1. జూలైలో హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిది. క్వేకర్స్ హిల్‌లో ఎంత?
2. డిసెంబరులో హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిది. ఇక్కడ ఎంత?
3. నవంబరులో ఇక్కడ ఆదివారం సాయంత్రం ఆరున్నర. అమ్మమ్మ ఇంట్లో ఎంత?
4. జూన్‌లో ఇక్కడ పొద్దున ఎనిమిది. ఇప్పుడు తాతయ్యకి ఫోన్ చేయొచ్చా? ఎందుకు?

ఈ) ఆరు ప్రశ్నల్లో ముందు ఏది అడగాలి? నంబరు రాయండి.
1. "సెలవు అని రోజంతా పెట్టాను, ఐనా మీటింగులు పెడుతున్నారు."
2. "సెప్టెంబరు వరకు బాగానే ఉంది. ఇప్పుడు ఆవిడ పెట్టే ప్రతి మీటింగూ గంట తేడా వస్తోంది."
3. "నా ఫోన్‌లో ఉంది, ఆఫీసులో ఎవరికీ కనపడట్లేదు."
4. "వాళ్ళ టీమ్ టైమ్‌టేబుల్ ఫైలు పోయిన నెల దింపుకున్నాను. ఇప్పుడు చూస్తే అంతా పాతదే."
5. "వాళ్ళ వరసలో ఏటవాలు గీతలు ఉన్నాయి. ఖాళీ అనుకుని పెట్టేయమంటారా?"

ఉ) మాట్లాడండి. ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకరు మేనేజరు, ఒకరు కొత్తగా చేరిన ఉద్యోగి. మేనేజరు గురువారం రెండింటికి మీటింగ్ అడుగుతారు. ఉద్యోగికి ఆ గంటలో చెల్లి స్కూలు కార్యక్రమం ఉంది. కారణం మొత్తం చెప్పకుండా, మర్యాదగా వేరే సమయం అడగండి. "వీలు", "కుదరదు", "ఎల్లుండి" మూడూ వాడాలి.

ఇంటిపని
మీ ఇంట్లో ఒక పెద్ద కాగితం మీద వారం గడులు గీయండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వరసలు. నాన్న వరసని, మీ వరసని రాయడం సులువు. అమ్మ వరసని అమ్మని అడగకుండా మీరే నింపండి. తర్వాత అమ్మకి చూపించి, ఏం వదిలేశారో చెప్పమనండి. వదిలేసినవి వేరే రంగుతో రాయండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వాళ్ళ వరసకీ ఇలాగే చేయండి. ఆ కాగితం గురించి ఐదు తెలుగు వాక్యాలు రాసుకు రండి.

జవాబులు
అ) 1. ఖాళీ 2. తీరిక 3. ఖాళీ, వీలు.
ఆ) 1. నాకు రేపు కుదరదు. 2. మీకు ఎల్లుండి వీలుందా?
ఇ) 1. మధ్యాహ్నం ఒకటిన్నర. 2. మధ్యాహ్నం రెండున్నర. 3. మధ్యాహ్నం ఒంటి గంట. 4. వద్దు. అక్కడ తెల్లవారుజాము మూడున్నర, తాతయ్య నిద్రపోతూ ఉంటారు.
ఈ) 1. రెండో ప్రశ్న. 2. ఐదో ప్రశ్న. 3. మొదటి ప్రశ్న. 4. నాలుగో ప్రశ్న. 5. ఆరో ప్రశ్న. పెట్టేయకండి, ముందు అడగండి.

అమ్మానాన్నలకి ఒక మాట
పిల్లలు "ఫ్రీ", "బిజీ" అని వాడితే ఆపి దిద్దకండి. ఆ మాటలు మన తెలుగులో కలిసిపోయాయి. వాళ్ళు "నేను ఫ్రీ లేను" అన్నప్పుడు మీరు "ఓహో, నీకు తీరిక లేదా?" అని తిరిగి అనండి, చాలు. వినగా వినగా అదే వస్తుంది. సెట్టింగులు చూసేటప్పుడు ఫోన్ పిల్లల చేతికిచ్చి, వాళ్ళు చేస్తున్నది తెలుగులో చెప్పమనండి. ఆఫీసు లాప్‌టాప్ ఐతే మార్చే ముందు ఆఫీసు నియమాలు చూసుకోండి. సొంత క్యాలెండర్‌ని ఆఫీసు అకౌంట్‌కి కలపడాన్ని కొన్ని చోట్ల ఒప్పుకోరు.

మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ మీద ఆ గడుల కాగితం ఉంది. మా వారు ఆఫీసు క్యాలెండర్‌లో "సొంత పని" అని గడులు నింపడం మొదలుపెట్టారు. పాప పోయిన వారం నా వరసలో మంగళవారం పది నుంచి పన్నెండు వరకు ఎర్ర పెన్నుతో "అమ్మ పాఠం రాస్తుంది" అని రాసి పెట్టింది. "రాస్తుంది"కి ఒత్తు సరిగ్గా పెట్టింది. ఈ పాఠం ఆ రెండు గంటల్లో రాసిందే.